నల్ల చీటీ

అగ్నిమాపక కేంద్రం అధికారి గారికి,

ఆపద వేళ ఇరుగుపొరుగును ఎలా కాపాడాలో నేర్పే శిక్షకురాలిగా మా వీధి నుంచి నన్ను ఎంపిక చేశారు, సంతోషం. ఆదివారం తొలి పాఠానికి ముందు ఒక సందేహం తీర్చుకోవాలి.

బస్సు ప్రమాదం జరిగినట్టు మీరు పెట్టిన పరీక్షలో, దెబ్బలు తగిలినవాళ్లుగా నటించినవారిలో మా మనవరాలూ ఉంది. ఊపిరి బిగబట్టి పడుకుంది. మీరు నేర్పినట్టే దాని తల వెనక్కి వంచి చూశాను. ఊపిరి లేదు. ఇక ఆశ లేదన్న గుర్తుగా దాని చేతికి నల్ల చీటీ కట్టి, బతికే వీలున్నవాళ్లనే ముందు చూడాలన్న మీ నియమం ప్రకారం, మూలుగుతున్న పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయాను. "తడబడకుండా చేశారు, అందరికీ ఇలాగే నేర్పండి" అని మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చాక అది అన్నం ముట్టలేదు.

"నిజంగా అయినా నన్ను అలాగే వదిలేసి పోతావా అమ్మమ్మా?"

"పిచ్చి ప్రశ్నలు మాని తిను."

"ముందు చెప్పు."

"పోనే, నిన్నొదిలి ఎక్కడికీ పోను" అన్నాను. అప్పుడు తిన్నది.

అబద్ధమాడే అలవాటు నాకు లేదు. దానికి చెప్పింది అబద్ధమో, మీకు చేసి చూపించింది అబద్ధమో నాకే అంతుపట్టడం లేదు. ఇది తేలకుండా పదిమందికి పాఠం చెప్పమంటారా?

శనివారం లోపు జవాబు రాయండి.