ఆమీన్‌కి లేవని చేతులు

ఆర్చలి ఊరు

బుఖారా హమాం స్నానశాలలో మాలీషు పట్టే ఉస్తా, మా కాబోయే వియ్యంకులు నుస్రతుల్లా గారికి తోష్మత్ సలాం చేసి రాస్తున్నది.

క్షేమంగా చేరాం. మీ పులావు బాగుంది. రొట్టె విరిచి సంబంధం ఖాయం చేసుకున్నాం, అది ఇంకా బాగుంది. మా అబ్బాయి ఎర్గష్ దారి పొడుగునా ఈల వేస్తూనే ఉన్నాడు. ఖాయం చేసుకున్న రోజు ఉదయం నన్ను గౌరవించి మీరే హమాంకి తీసుకెళ్ళారు. వేడిరాతి మీద పడుకోబెట్టి ఒళ్ళు పట్టారు. వీపు మీద ఎక్కి నిలబడ్డారు. కుడి భుజం మెలిపెడితే టక్కుమంది. "ఎలా ఉంది?" అన్నారు. బాగుందన్నాను. ఎక్కువ రాయడం నాకు రాదు.

మీ తోష్మత్

తా.క. అప్పట్నుంచి నాకు చొక్కా మా ఆవిడ తొడుగుతోంది. ఊళ్ళో నవ్వుతున్నారు.

*

బుఖారా

గౌరవనీయులైన వియ్యంకుల వారికి నుస్రతుల్లా సలాములు.

చొక్కా సంగతి చదివి సంతోషించాను. నా చెయ్యి పడ్డవాళ్ళకి పడుచుదనం తిరిగి రావడం మామూలే. కానీ ఒక్క మాట అడగాలి. ఆ సాయంత్రం మా పేట పెద్దాయన పిల్లల కోసం దువా చదివారు. అందరూ రెండు చేతులూ ఎత్తి, ఆమీన్ అని మొహం తడుముకున్నారు. మీ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. మా అక్కయ్య చూసింది. మా అక్కయ్య చూసిందంటే బుఖారా చూసినట్టే. "పిల్లవాడి తండ్రి దీవెన వద్దన్నాడేమిట్రా?" అంటోంది. ఏం చెప్పమంటారు? మా అమ్మాయి అదోలత్‌లో ఏం లోటు కనిపించింది?

మీ జవాబు కోసం చూస్తూ,
ఉస్తా నుస్రతుల్లా

తా.క. హమాంలో ఇప్పటికీ మీ గురించే చెబుతున్నాను. ఇంత కిక్కురుమనకుండా మాలీషు చేయించుకున్న మనిషిని నేను చూడలేదు.

*

వియ్యంకుల వారికి తోష్మత్ సలాం.

అమ్మాయి బంగారం. చేతులు ఎత్తాను. మనసులో ఎత్తాను. పైకి కనపడలేదేమో. మా ఆవిడ ఓయ్‌నిసా ఏదో రాయమని పక్కన కూర్చుని పోరుతోంది. "మీ నోట్లో నాలుక ఉందా, ఆప్రికాట్ గింజ ఉందా?" అంటోంది. నేను రాయను. తోటలో పళ్ళు ఎండబెట్టి బస్తా పంపుతున్నాను. కోపం పెట్టుకోకండి.

తోష్మత్

తా.క. ఈసారి కొమ్మల మీదివి అందలేదు.

*

తోష్మత్ గారికి.

బస్తా విప్పాం. అన్నీ కింద రాలినవే! సగం పుచ్చులు. కొమ్మ మీద పళ్ళు మాకు తగవని అనుకున్నారు కాబోలు. అది సరే. మా అక్కయ్య మీ ఉత్తరాలు దీపం ముందు పట్టి చూసింది. అక్షరాలు పక్కకి వాలాయి, సిరా అలుక్కుపోయింది. "ఒరేయ్, ఇవి ఎడమ చేత్తో రాసినవిరా" అంది. అయ్యా, పిల్లనిచ్చేవాడికి ఎడమ చేత్తో ఉత్తరాలా? ఎడమ చేత్తో సలాములా?

పేటలో నా పరువు పోయింది. శుక్రవారం రండి. అందరి ముందూ రెండు చేతులూ ఎత్తి ఆమీన్ అనండి. లేకపోతే విరిచిన రొట్టెలో మీ సగం వెనక్కి వస్తుంది.

నుస్రతుల్లా

తా.క. ముందు హమాంకే రండి. మళ్ళీ ఒకసారి బాగా ఒళ్ళు పడతాను. మీలో బిగుసుకున్నదేదో వదులుతుంది.

*

ఉస్తా గారికి తోష్మత్ సలాం.

ఇది మీరొక్కరే చదవండి. అక్కయ్యగారికి వద్దు.

భుజం. అది టక్కుమన్నప్పట్నుంచి కుడి చెయ్యి లేవడం లేదు. ఒక్క ఎడమ చెయ్యి ఎత్తితే మరీ తప్పని రెండూ దించే ఉంచాను. అందుకే రాలిన పళ్ళు. అందుకే ఎడమ చేత్తో రాత. మీ చెయ్యి మంచిదే. నా భుజమే చెడ్డది. పదిమందిలో మీ పేరు పాడవుతుందని చెప్పలేదు.

మా ఊళ్ళో ఎముకలు సరిచేసే సాబిర్ గొర్రెల మందతో పై కొండల్లో ఉన్నాడు. మంచు పడితేగానీ దిగడు. శుక్రవారం కోసం చేతికి తాడు కట్టి, కొమ్మ మీదుగా వేసి ఓయ్‌నిసా చేత లాగించి చూశాను. చెయ్యి రాలేదు, నేనే లేచాను. కొంచెం ఆగండి. ఎర్గష్ ఈల మానేశాడు.

తోష్మత్

తా.క. నొప్పి పెద్దగా లేదు. అరిచింది గాడిద అని ఊళ్ళో చెప్పాం.

*

తోష్మత్‌కి.

నా చేతి మీద నింద వేస్తావా! ఈ చేతుల కింద పడుకుని మా ఊళ్ళో ఎవడూ ఇంతవరకు కిమ్మనలేదు. ఏడుపు మొహంతో వచ్చినవాళ్ళు కూడా మాట లేకుండా వెళ్ళారు. మళ్ళీ రానివాళ్ళున్నారంటే, పూర్తిగా నయమైపోయి రాలేదన్నమాట!

రొట్టె ఈ బస్సులోనే పంపుతున్నాను. అదోలత్ ఏడుస్తోంది, ఏడవనీ. బట్టల కొట్టు షవ్కత్ కొడుక్కి మాట ఇచ్చాను. ఇవాళ షవ్కత్‌ని నేనే హమాంకి తీసుకెళ్ళి, మెడ పట్టి రెండువైపులా తిప్పాను. ఎలా ఉందన్నాను. బాగుందన్నాడు! సాయంత్రం దువా.

నుస్రతుల్లా

తా.క. ఆనందంతో ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

*

ఆర్చలి. మంచు పడింది

ఉస్తా నుస్రతుల్లా గారికి తోష్మత్ సలాం. ఇది కుడి చేత్తో రాస్తున్నాను.

షవ్కత్ నిన్న మా ఊరు వచ్చాడు. సాబిర్ కోసం. మెడ ఒకవైపే చూస్తోంది. దువా రోజు మీ వాళ్ళు ఎడమవైపు కూర్చున్నారట. ఆయన ఆ పక్కకి ఒక్క సలామైనా చెయ్యలేదని మీ అక్కయ్యగారు గొడవ పెట్టారట కదా.

సాబిర్ ఆయన్ని సరిచేసే ముందు నన్నడిగాడు, ఇద్దరికీ ఒకటే హమామా అని. టీ తాగుతూ షవ్కత్ అన్నాడు: "ఉస్తాతో తగువు నాకెందుకు తోష్మత్? ఆయన మళ్ళీ మెడకే వస్తాడు. పిల్ల నచ్చలేదని చెప్పి తప్పుకుంటా." నేను వద్దన్నాను. "పిల్ల ఏం చేసింది?" అన్నాను. నవ్వాడు. పట్నం మనిషి.

కాబట్టి రెండు సంబంధాలు పోయిన పిల్ల అంటారు అదోలత్‌ని. అందులో ఆమె తప్పు లేదని ఆమెకైనా చెప్పండి. నేను ముందే చెప్పవలసింది. మీరు అడగవలసింది, ఎలా ఉంది అని కాదు, నొప్పిగా ఉందా అని.

మళ్ళీ మొదలుపెడదామని అడుగుదామనుకున్నాను. మావాడు ఊళ్ళో లేడు. చలికాలపు మేతకి మందతో ఎడారికి వెళ్ళిపోయాడు. మీరు పంపిన రొట్టె సగం గుడ్డలో కట్టి పట్టుకెళ్ళాడు. తినడానికి కాదు.

భుజం సరయ్యాక తోటలోకి వెళ్ళి, బుఖారా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాను. ఆమీన్ అన్నాను. గాడిద ఒక్కటే చూసింది.

సెలవు,
తోష్మత్

తా.క. మూడో వియ్యంకుడు దొరికితే ముందు దువా కానివ్వండి. హమాం తర్వాత.