ఏ ఎక్కంలోనూ పోని నంబరు

బాపూ,

చిన్నప్పుడు ప్రధాన సంఖ్యను చూపించి "ఇది ఏ ఎక్కంల పోదు బిడ్డా" అనేవాడివి. దుబాయి నుంచి నువ్వు పెట్టెలో వచ్చాక నీ పాస్‌పోర్టు నంబరు భాగించి చూశాను. ఏడో ఎక్కంలో పోయింది. అప్పటినుంచీ నాకు భయం.

ఇవాళ తమ్ముడి ప్రయాణం, వాడూ దుబాయికే. మూడు రోజులుగా వాడి పాస్‌పోర్టు నంబరు భాగిస్తున్నాను. ఏడంకెలది. వర్గమూలం వరకు, అంటే రెండు వేలు దాటేదాకా, ఒక్కో ప్రధాన సంఖ్యతోనూ చూశాను. ప్రతిసారీ శేషం మిగిలింది. ఎందులోనూ పోలేదు. వాడికేమీ కాదులే అనుకున్నాను.

అంతలో గుమ్మంలోంచి "అక్కా, పోతున్న" అన్నాడు.

దుబాయికి బయల్దేరిన రోజు నువ్వూ అదే మాటన్నావు.

"పోయొస్త అనురా!" అంటూ పరిగెత్తాను. ఆటో అప్పటికే జగిత్యాల రోడ్డెక్కింది.