రెడీ అనకూడదు

17 నవంబరు 1987, మంగళవారం

ఇవాళ మొదటిసారి స్టూడియో కెమెరా నా చేతికొచ్చింది. మా ఓనరు సోమయాజులు గారికి నడుం పట్టేసింది. కస్టమర్ని తిప్పి పంపడమంటే ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. మూడేళ్ళుగా ప్రింట్లు కడుగుతున్న నన్నే తియ్యమన్నారు.

వచ్చినవాళ్ళు లూకా గారు, ఆయన భార్య ఎలీసమ్మ గారు. ఆయన రైల్వే వర్క్‌షాప్‌లో వెల్డర్, ఈ నెలాఖరుకి రిటైర్మెంట్. పెన్షన్ కాగితాలకి ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో కావాలి. మా ఇనప బెంచీ ఊగుతుంటే ఇటుక పెట్టి కూర్చోబెట్టాను. సోమయాజులు గారు నేర్పినట్టే రెడీ అన్నాను, ఫ్లాష్ కొట్టాను. ఆరు ఫ్రేములు. నేను ఫొటోగ్రాఫర్ని!

18, బుధవారం

ఆరింట్లోనూ ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

20, శుక్రవారం

మళ్ళీ పిలిపించాను. మళ్ళీ ఆరు. వాళ్ళు కూర్చుని ఉండగానే నెగెటివ్ కడిగాను. అదే కథ. ఏడుపొచ్చింది. నాను తెరిసే ఉంచినానమ్మా, నీ మిషన్‌కే ఏటో అయినాది అన్నారు లూకా గారు.

సోమయాజులు గారు మంచం మీంచే తీర్పు చెప్పేశారు. సోమవారం ఒక్క ఛాన్స్, అదీ తప్పితే ఇక జన్మలో కెమెరా ముట్టుకోవద్దన్నారు. కాగితాలివ్వడానికి మంగళవారమే ఆఖరట.

22, ఆదివారం

చర్చి అయ్యాక వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళాను. ఎలీసమ్మ గారు టీ ఇచ్చారు. కబుర్లలో అసలు సంగతి బయటపడింది. సెలవు రోజుల్లో ఆయన పెరట్లో గేట్లు వెల్డ్ చేసేవారట, కడ్డీలు ఆవిడ పట్టుకునేవారట. మంట రాజేసేముందు ఆయన రెడీ అని అరిచేవారట. ఆ మెరుపు కళ్ళలో పడకుండా ఇద్దరూ కళ్ళు మూసుకోవాలి, ఆయన నల్లద్దం అడ్డం పెట్టుకునేదాకా, ఆవిడ పని అయ్యేదాకా. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆవిడ మూయడం మర్చిపోయి ఆ వెలుగుకి కళ్ళు వాచిపోతే, రెండ్రోజులు ఆయన పనికెళ్ళకుండా బంగాళాదుంప చక్రాలు కోసి ఆవిడ కళ్ళమీద పెడుతూ కూర్చున్నారట. ఆ రోజు నుండీ రెడీ అంటే సాలు, కళ్ళు ఆటికవే మూసుకుపోతాయమ్మా అని ఎలీసమ్మ గారు నవ్వారు.

సిగ్గేసింది. పన్నెండు ఫ్రేములు తీశాను, ఒక్క మాట అడగలేదు.

23, సోమవారం, ఉదయం పది

ఫ్లాష్ తీసి పక్కన పెట్టాను. బెంచీ వరండా నీడలోకి లాగాను. ఎదురుగా తాడుకి తెల్ల దుప్పటి కడితే వెలుతురు తిరిగొచ్చి ముఖాలమీద మెత్తగా పడింది. కెమెరా స్టాండు మీద, ఫోకస్ కళ్ళమీద. రెడీ అనలేదు.

మాట్లాడుతుంటే తీస్తే నోళ్ళు తెరుచుకుంటాయి. అందుకని ఒక ప్రశ్న అడిగి, జవాబు మొదలయ్యేలోపు నొక్కాలనుకున్నాను. డిసెంబరు ఒకటి పొద్దున్న ఏం చేస్తారండీ అన్నాను.

ఆయన ఆ తెల్ల దుప్పటి వైపు చూశారు. ఎలీసమ్మ గారు కూడా అదేదో వినాలన్నట్టు తలెత్తారు. తొందర లేకుండా నాలుగు తీశాను.

సాయంత్రం నాలుగు

అన్నిట్లోనూ కళ్ళు తెరిచే ఉన్నాయి! సోమయాజులు గారు అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ఠీక్ హై, ఆ దుప్పటి ఉతికి పెట్టు అన్నారు. ఆయన నోట అంతకంటే పొగడ్త రాదు. రేపట్నించి సిట్టింగులు నావేనట.

కానీ ఆ ఫొటోలో లూకా గారి చూపు నన్ను వదలడం లేదు. రిటైరయ్యే మనిషిని అలా అడిగుండాల్సింది కాదు.

1 డిసెంబరు, మంగళవారం

పొద్దున్నే లూకా గారు వెల్డింగ్ సెట్ రిక్షాలో వేసుకొచ్చారు. నువ్వడిగినావు గదా ఆలిస్ పాపా, ఇదే సేస్తాను అంటూ మా ఊగే బెంచీ తిరగేశారు. రెడీ అని అరిచారు.

కళ్ళు మూసుకున్నాను.