పన్నెండు మానిటర్లకు ఒక జ్ఞానతండ్రి

హువాంకాయో, పెరూ, మే 20

లీమాలోని విస్తావెలోస్ మానిటర్ల కంపెనీ ఫిర్యాదుల ఆఫీసువారికి,

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం లేను. ఫోను చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. పాట బాగానే ఉంది, పని మాత్రం కాలేదు. అందుకే ఈ ఉత్తరం రాసి లీమా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నాకిక్కడ బజారు వెనక వీధిలో కంప్యూటర్ ఆటల దుకాణం ఉంది. మీ కొత్త మానిటర్లు పన్నెండు కొని బిగించాను. అట్టపెట్టె మీద ‘ఒక్క మిల్లీసెకను’ అని నా పిడికిలంత అక్షరాలు వేశారు. తీరా ఆన్ చేస్తే, ఆటలో పరిగెత్తే ప్రతి మనిషి వెనకా ఒక తెల్లటి నీడ. చావు దగ్గరపడినవాడి ఆత్మ ముందే బయల్దేరి తను నడిచిన అడుగులన్నీ ఏరుకుంటుందని మా పెద్దలంటారు. పన్నెండు తెరల్లో అందరి ఆత్మలూ ఒకేసారి అడుగులేరుకుంటుంటే ఆడేవాళ్లకు గుండె నిలుస్తుందా? అది చాలదన్నట్టు, మనిషి చటుక్కున పక్కకు తిరిగితే బొమ్మ నడుము దగ్గర అడ్డంగా తెగుతోంది.

మెనూలో రెస్పాన్స్ టైమ్ అన్నచోట సాధారణం, వేగం, అతివేగం అని మూడున్నాయి. అతివేగమే పెట్టాను. కొనుక్కున్నాక తక్కువది ఎవరు పెట్టుకుంటారు?

జూన్ 24న, సాన్ హువాన్ పండుగనాడు, ఎదురు దుకాణం దోన్ అబీలియో జట్టుతో మా జట్టుకు పోటీ. మావాళ్లు ఐదుగురూ కాంబీ వ్యాన్లలో టికెట్లు కోసే కండక్టర్లు. జట్టు పేరు ‘ఎక్కండెక్కండి’. ఓడిపోతే తప్పు మానిటర్లదేనట, అబీలియో దగ్గరికి వెళ్లిపోతారట. వాళ్ల వెనకే మిగతా గిరాకీ కూడా పోతుంది. అరవై ఒకటో ఏట నేను మళ్లీ బజార్లో బంగాళాదుంప బస్తాల మధ్య కూర్చోవాలి. కాబట్టి నీడలు తీసేయించండి.

ఇట్లు,
హిలారియా కంచన్యా

తా.క.: జబ్బేమిటో తేలుతుందని మా పద్ధతి ప్రకారం మొదటి మానిటర్‌ను గినీపందితో పైనుంచి కిందికి రుద్దించాను. తర్వాత ఆ గినీపందిని కోసి చూస్తే లోపల ఏ దోషమూ కనిపించలేదు. రుద్దినదాన్ని తినకూడదంటారు. దోషం లేదు గనక తినేశాం.

*

లీమా, మే 27

గౌరవనీయులైన వినియోగదారు దోన్యా హిలారియా గారికి,

మీ ఫిర్యాదు అందినందుకు మా కంపెనీ ఎంతో సంతోషిస్తోంది. ఉత్పత్తిలో లోపం లేదని తెలియజేస్తున్నాం. అతివేగం పెడితే తెరమీది చుక్క రంగు మారే తొందరలో హద్దు దాటి వెనక్కి వస్తుంది. మీరు చూసే తెల్లటి నీడ అదే. దయచేసి మధ్యదైన ‘వేగం’ పెట్టుకోండి. బొమ్మ తెగకుండా ఉండటానికి ‘అడాప్టివ్ సింక్’ ఆన్ చేసుకోండి.

మా ప్రతి మానిటర్‌నూ కన్నబిడ్డలా భావిస్తాం. పుట్టుక నుంచి దాని బాధ్యత మాదే.

భవదీయుడు,
ఇంజనీరు గెర్సన్ రివాస్
వినియోగదారుల సేవా విభాగం

తా.క.: గినీపంది వల్ల పడిన గీతలకు వారంటీ వర్తించదు.

*

హువాంకాయో, జూన్ 2

మానిటర్ల జ్ఞానతండ్రి, ఇంజనీరు గెర్సన్ గారికి,

మీ ఉత్తరం కండక్టర్లందరి ముందు పైకి చదివించాను. కన్నబిడ్డ అన్నారు, పుట్టుక నుంచి బాధ్యత మీదే అన్నారు. లీమావాళ్లలో ఇంత పెద్ద మనసు ఉంటుందనుకోలేదు. ఇక్కడ కొత్త బండి కొన్నా, పొయ్యి కట్టినా బాప్తిస్మం చేయిస్తాం. దానికి బాధ్యతా ఖర్చూ నెత్తినేసుకునే జ్ఞానతండ్రి కావాలి. ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని చూస్తుంటే మీరే ముందుకొచ్చారు. పండుగనాడే ముహూర్తం. బాజాబృందం, మానిటర్‌కొక బీరు పెట్టె మీ వంతు. ఇకనుంచి నేను మీకు కొమాద్రే, మీరు నాకు కొంపాద్రే. చుట్టరికం కలిసింది గనక మొహమాటం వద్దు.

మీరు చెప్పిన సింక్ ఆన్ చేశాను. సెకనుకు నూటఅరవైఐదు బొమ్మలని చూపించే అంకె డెబ్బైకి పడిపోయింది. నా కంప్యూటర్లు పాతవే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన కొత్త మానిటర్ వాటి నడకకు దిగజారాలా? వెంటనే ఆపేశాను. అతివేగం కూడా అలాగే ఉంచాను. పెట్టె మీద రాసినదాన్ని నమ్మాలా, ఉత్తరంలో రాసినదాన్ని నమ్మాలా?

మీ కొమాద్రే,
హిలారియా

తా.క.: అబీలియో కూడా అవే మానిటర్లు పన్నెండు దించాడు. ఏది పెట్టావని నన్నడిగాడు. పోటీ ఉంటే ఉండనీ, అబద్ధమాడటం నాకు చేతకాదు. అతివేగమనే చెప్పాను.

*

లీమా, జూన్ 8

దోన్యా హిలారియా గారికి,

మీ ఉత్తరం మా న్యాయవిభాగాధిపతి డాక్టర్ బెల్మోంత్ గారి కంటపడింది. నేను ఎవరికీ, దేనికీ, ఏ విధమైన తండ్రినీ కానని స్పష్టంగా రాయమన్నారు. రాస్తున్నాను. ఇలాంటిది మళ్లీ జరిగితే నన్ను ఇంటికి పంపిస్తామన్నారు.

సింక్ అంటే, కంప్యూటర్ ఒక బొమ్మ పూర్తిచేసి ఇచ్చేదాకా మానిటర్ ఆగుతుంది. ఆగకపోతే పాత బొమ్మ సగం, కొత్త బొమ్మ సగం చూపిస్తుంది. అందుకే నడుము తెగుతోంది. అంకె తగ్గడం దిగజారడం కాదు. ఇక పెట్టె మీది మిల్లీసెకను నిజమే. అతివేగంలో కొలిచారు. నీడలు కొలవలేదు.

భవదీయుడు,
గెర్సన్ రివాస్

తా.క.: ఊరికే అడుగుతున్నాను. బాజాబృందంలో శాక్సోఫోన్లు ఎన్ని ఉంటాయి?

*

హువాంకాయో, జూన్ 13

కొంపాద్రే గెర్సన్‌కు,

పదకొండు. వీణలాంటి హార్ప్ ఒకటి, వయొలిన్లు రెండు వేరే.

రాతపూర్వకంగా ఒప్పుకుని, రాతపూర్వకంగా కాదన్న జ్ఞానతండ్రి మా లోయలో ఇంతవరకూ లేడు. మీ డాక్టరుగారి మాట నేను పట్టించుకోను.

నిన్న వైలార్ష్ నాట్యం సాధన చూడటానికి వెళ్లాను. మీరు ఆ చుక్కలూ బొమ్మలూ అని రాసింది నాకప్పుడు బోధపడింది. శాక్సోఫోన్ డెబ్బై దెబ్బలు వాయిస్తే ఆడేవాడు డెబ్బై సార్లే కాలు తన్నాలి. వాయిద్యం వినకుండా నూటఅరవైఐదు తన్నితే పాట ఒకచోట, లంగా ఒకచోట, నడుము ఇంకోచోట. ఈ ముక్క మొదటే రాసుంటే ఒక ఉత్తరం మిగిలేది కదా? సింక్ ఆన్ చేశాను. బొమ్మ తెగడం ఆగింది.

కానీ తెల్లటి నీడ ఇంకా ముదిరింది. మావాళ్లు ఆటలో శత్రువుల్ని వదిలి నీడల్ని కాలుస్తూ మూడు సాధన ఆటలు ఓడారు. జట్టులో పెద్దవాడు ఎవారిస్తో నిన్న నా ఎదుట నిలబడి, “అమ్మా, నీ మీద కోపం లేదు. ఆ అతివేగం తగ్గిస్తే ఉంటాం, లేకపోతే ఎదురు దుకాణానికే పోతాం” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తగ్గిస్తే మోసపోయి కొన్నానని ఒప్పుకున్నట్టే. తగ్గించకపోతే దుకాణమే ఉండదు. ఆఫీసుగా కాదు, కొంపాద్రేగా చెప్పండి. మీ అమ్మ మీద ఒట్టు వేసి చెప్పండి. మీ ఇంట్లో ఏది పెట్టుకున్నారు?

హిలారియా

తా.క.: ఎనిమిదో మానిటర్‌కు మీ పేరు పెట్టాను. ఆలస్యంగా వెలుగుతుంది, కానీ మంచిది.

*

లీమా, జూన్ 18

కొమాద్రే హిలారియాకు,

మా ఇంట్లో మానిటరే లేదు. నేను ఇంజనీరునీ కాను. ఇక్కడ ఉత్తరాలకు సంతకం పెట్టే ప్రతివాడికీ ఆ బిరుదిస్తారు. మీకు రాసినవన్నీ అచ్చుకాగితం చూసి ఎక్కించినవే.

మీ ఉత్తరం చదివాక సిగ్గేసింది. సాయంత్రం మా షోరూముకు వెళ్లి, మూడూ పెట్టి, నా కళ్లతో నేను చూశాను. సాధారణంలో నల్లగా అలుక్కుంటోంది. అతివేగంలో మీరన్నట్టే తెల్లటి ఆత్మలు. మధ్యదానిలో మనిషి మనిషిలా ఉన్నాడు. ఆ పెట్టె మీది అక్షరాలు వేసినతన్ని పట్టుకుని అడిగాను. ఆయన కూడా మధ్యదే పెట్టుకున్నాడట. మా అమ్మ మీద ఒట్టు. మా అమ్మది మీ పక్క ఊరే, చుపాకా. ఆ సంగతి లీమాలో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పండుగకు వస్తున్నాను. పిన్నికి బాగాలేదని సెలవు పెట్టాను. బెల్మోంత్‌కు తెలిస్తే నా ఉద్యోగం ఊడినట్టే.

మీ కొంపాద్రే,
గెర్సన్

తా.క.: నేను లేని రోజుల్లో నా బల్లమీది ఉత్తరాలకు జవాబిచ్చే దిక్కులేదు. బెల్మోంత్ గారే సంతకాలు పెట్టాలి. పెట్టనీండి, చెయ్యి నొప్పి తెలుస్తుంది.

*

హువాంకాయో, జూలై 1

ప్రియమైన కొంపాద్రేకు,

మీరు దొరికిపోయారని మన ఉత్తరాలు మోసే బస్సు డ్రైవరు చెప్పాడు. ఎనిమిదో మానిటర్‌ను చంకనెత్తుకుని మీరు వైలార్ష్ తన్నుతున్న ఫోటో ఆఫీసంతా చూసిందట. ఎల్లుండి బెల్మోంత్ మిమ్మల్ని గదికి పిలిచి ఉద్యోగం తీసేసిన ఉత్తర్వు చేతికిస్తాడట. కంగారుపడకండి, మొత్తం చదవండి.

మధ్యది పెట్టాక మావాళ్ల గెలుపు సంగతి మీకు తెలిసిందే, ఆ పదకొండు శాక్సోఫోన్ల మధ్య మీరే ఎక్కువ అరిచారు. తెలియనిది ఒకటుంది. ఆట ముందు నేను వీధి దాటి వెళ్లి, నేను చెప్పింది తప్పు, మధ్యది పెట్టుకో అని అబీలియోకు చెప్పాను. “నన్ను వెనక్కి లాగాలని చూస్తున్నావా దోన్యా? నాకూ కళ్లున్నాయి, పెట్టె మీద చదివాను” అన్నాడు. వాడి ఐదుగురూ ఆత్మల్ని కాలుస్తూ ఓడిపోయారు. ఎవారిస్తో, మిగతా నలుగురూ నా దుకాణంలోనే ఉన్నారు. అబీలియో గిరాకీ కూడా సగం నా బల్లలమీదే ఉంది.

అసలు సంగతికి వస్తున్నాను. అబీలియో కూడా నీడల గురించి మీ ఆఫీసుకు రాశాడట. మీరిక్కడ ఆడుతున్న రోజున జవాబు తయారైంది. నిన్ననే అందింది. అదే అచ్చుకాగితం. కన్నబిడ్డలా భావిస్తాం, పుట్టుక నుంచి బాధ్యత మాదే. కింద సంతకం డాక్టర్ బెల్మోంత్, పక్కన గుండ్రటి ముద్ర. ఎవారిస్తో దాన్ని కాంబీ మెట్టుమీద నిలబడి వీధంతా వినేలా చదివాడు. అబీలియో సంతోషం పట్టలేక బాజాబృందాన్ని అప్పుడే మాట్లాడేశాడు.

నకలు దీనితో పెట్టాను. ఎల్లుండి గదిలోకి వెళ్లగానే ముందు ఇది ఆయన బల్లమీద పెట్టండి. ఒకే వీధిలో, ఒకే కంపెనీ మానిటర్లకు జ్ఞానతండ్రులు మీరిద్దరూ. మిమ్మల్ని ఇంటికి పంపాలంటే ముందు ఆయన తన కాగితానికి జవాబు చెప్పుకోవాలి.

మీ కొమాద్రే,
హిలారియా

తా.క.: అబీలియో ఇప్పటికీ అతివేగమే ఉంచాడు. జ్ఞానతండ్రి స్వయంగా వచ్చి చెబితే తప్ప తగ్గించడట. బెల్మోంత్ గారికి బస్సెక్కే ముందు ఆ మధ్యది ఎక్కడుంటుందో నేర్పించండి.