ఆనుకున్న గాజులు

వదినగారికి నమస్కారం.

మొన్న సంవత్సరీకం నాడు అన్నయ్య ఫోటో పక్కన మేమిద్దరం కలిసి రాసిన రీసెర్చ్ పేపర్ మొదటి పేజీని ఫ్రేమ్ కట్టించి పెట్టారు. ఆ పేపర్‌ని నేను జర్నల్ నుంచి విత్‌డ్రా చేయాలి. మీ అనుమతి కోసం రాస్తున్నాను.

అన్నయ్య మీ గాజులు డైనింగ్ టేబుల్ మీద ఒకదాని మీదొకటి పడేలా పరిచి, ఒకదాన్నొకటి తాకే గాజులకు ఒకే రంగు రాకూడదనేవారు, గుర్తుందా? కనీసం ఎన్ని రంగులు కావాలో తేల్చడం, గాజులు పెరిగేకొద్దీ ఏ కంప్యూటర్‌కూ త్వరగా తెగని లెక్క అని మేం నిరూపించాం. నిరూపించామనుకున్నాం. పక్కపక్కన ఒక్క చుక్క దగ్గర ఆనుకున్న గాజులు కూడా తాకినట్టే. ప్రూఫ్‌లో నేను వాటిని తాకనట్టు తీసుకున్నాను. పోయిన నెల మళ్లీ చదువుతుంటే కనబడింది.

మా ఫీల్డ్‌లో పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. ఎవరు ఏ భాగం రాశారో బయటికి తెలియదు. తప్పు ఇద్దరిదీ అనుకుంటారు. కాదు, అది నాదే. అన్నయ్య ముందే పట్టుకున్నారు. ఆ చివరి ఆదివారం ఫోన్ చేసి, "ఆనుకున్న గాజుల్ని వదిలేశావురా, ప్రూఫ్ నిలబడదేమో" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. "కరెక్టే అన్నయ్యా, నమ్మకపోతే వచ్చి బోర్డు మీద చూపించండి" అన్నాను.

ఆ సాయంత్రం నోవై ఊళ్లో అంత మంచు పడుతుంటే ఆయన కారేసుకుని ఎక్కడికి బయల్దేరారని, యాక్సిడెంట్ తర్వాత హాస్పిటల్లో మీరు అందరినీ అడిగారు. నన్నూ అడిగారు. తెలియదన్నాను.

మా ఇంటికే, వదినా.