ఎర్ర కారు ట్యాంకు మూత, మిగతా ఆస్తి

ఆకుల చంద్రమౌళి అనే నేను, తండ్రి బక్కయ్య, వయసు యాభై ఏడు, హన్మకొండలో పాతకాలపు స్పోర్ట్స్ కార్లకు పెట్రోల్ ట్యాంకు మూతలు చేసి బిగించేవాణ్ని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి ఇది రాయిస్తున్నాను. తెలివి గురించి నా భార్య నిర్మలకు వేరే అభిప్రాయం ఉంది. కోర్టువారు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

1. ఇల్లు పూర్తిగా నిర్మలకే. నా పాత డబ్బాలు నన్నడగకుండా పారేసే హక్కు ఆమె ఇదివరకే వాడుకుంటోంది. దాన్ని ఇప్పుడు ఖాయం చేస్తున్నాను.

2. లేత్ మిషన్, నమూనా మూతల పెట్టె, షెడ్డులో నా వంతు మా బిడ్డ స్రవంతికి. షరతు: కొత్త మూత బిగించాక, ట్యాంకు సగమయ్యేదాకా కారు తానే నడిపి చూడాలి. ఆ తర్వాతే తాళం ఇవ్వాలి. కారణం నాలుగో అంశంలో ఉంది.

3. పక్క షాపు రాంప్రసాద్‌కు నా జాకీ. ఆరేళ్లుగా అది అతని దగ్గరే ఉంది. నేను వచ్చినప్పుడల్లా దాని మీద గోనెసంచి కప్పే శ్రమ ఇక వద్దు.

4. నా బామ్మర్ది రాజమల్లు సంగతి. షెడ్డు ఇద్దరం కలిసి పెట్టాం. పదకొండేళ్ల కింద కిషన్ రావు గారి ఎర్ర రెండు సీట్ల కారుకు ఇత్తడి మూత చేశాను. అద్దంలా మెరిసింది. బజారంతా తిప్పి చూపించాను. గాలి పోయే సన్న రంధ్రం పెట్టడం మాత్రం మరిచాను. ట్యాంకులోకి గాలి పోకపోతే ఇంజన్‌కు పెట్రోల్ రాదు. కారు రఘునాథపల్లి దగ్గర ఆగింది. నేను వెళ్లి మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోయింది, బండి స్టార్టయింది. తప్పు నాదేనని అక్కడే తెలిసింది. నోరు మాత్రం, "కార్బొరేటర్‌ల చెత్త ఉన్నది సార్" అంది. అంతకుముందు ఆ కార్బొరేటర్ కడిగింది రాజమల్లు.

ఆ సాయంత్రమే కారు షెడ్డుకు తెచ్చి, చాటుగా మూతకు రంధ్రం తొలిచాను. మర్నాడు కిషన్ రావు గారు షెడ్డుకొచ్చి అందరి ముందు, "నీకు కార్లెందుకుర రాజమల్లూ, పోయి ఎడ్లబండి ఇరుసుకు గ్రీజు వెట్టుకో" అన్నారు. నేను కింద పడని నట్లూ బోల్టులూ ఏరుతూ కూర్చున్నాను. రాజమల్లు పానా కింద పెట్టి వెళ్లిపోయాడు. ములుగులో ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

కార్బొరేటర్‌లో ఏ చెత్తా లేదు. ఈ మాట నిన్న కిషన్ రావు గారికి ఎదురుగా నిలబడి చెప్పాను.

5. రాజమల్లుకు ఇందులో ఏమీ రాయడం లేదు. వాటా వచ్చే మనిషి సాక్షి సంతకం పెట్టకపోవడమే మంచిదన్నాడు వకీలు రమాకాంత్. నాకు రాజమల్లు సాక్షిగానే కావాలి. సగం షెడ్డు వేరే కాగితం మీద, నేను బతికుండగానే ఇస్తాను. చచ్చాక తప్పు ఒప్పుకుంటే మొహం చూసే పని ఉండదు, అది మరీ సులువు. నిర్మల ఫోన్ చేసింది. వస్తాడో లేదో తెలియదు. చట్టానికి ఇద్దరు సాక్షులు చాలు. మూడో గీత అతనిది. రాకపోతే అది ఖాళీగానే ఉండాలి.

హన్మకొండ, 9 నవంబర్ 2025, ఆదివారం.

సంతకం: ఆకుల చంద్రమౌళి

సాక్షులు:
1. రమాకాంత్, వకీలు
2. శారద, టీచర్, ఎదురిల్లు
3. రాజమల్లు. అంత చదివే సంతకం పెట్టిన. మూతకు కొత్త బెజ్జం చూసిన్నాడే నాకు సమజైంది బావా. రేపు పొద్దుగాల పనిలకొస్త, అక్కను చాయ పెట్టమను.