మళ్ళీ కొలిస్తే రాలేదన్నాను

అక్కకూ బావగారికీ నమస్కారాలు.

ఇక్కడ ఆయనా పిల్లలూ కులాసాగానే ఉన్నారు. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. దాన్ని ఎక్కడో దాచి మరిచిపోయి, రెండు రోజులుగా ఇల్లంతా మా చేత వెతికిస్తోంది. నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. మెట్లు మాత్రం అప్పుడే ఎక్కకు.

పేపర్లో వేసిన ఫొటోలో చివర నిలబడింది నువ్వేనా అని అడిగావు. నేనే. ఉపగ్రహం పైకి వెళ్ళిన రోజు తీశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నువ్వొక్కదానివే చేతులు కట్టుకుని నిలబడ్డావేమిటనీ అడిగావు. నీ కళ్ళు కప్పడం చిన్నప్పుడూ నా వల్ల కాలేదు.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. భూమిని చూసే పరికరాన్ని పైకి పంపేముందు, గాలి తీసేసిన చల్లటి గదిలో పెట్టి, ఒక్కో రంగు కాంతినీ దానిమీద వేసి, దేనికి ఎంత స్పందిస్తుందో కొలుస్తాం. కటిక చీకట్లో ఉంచినా దాని అంకెలు కొద్దిగా వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకును రొద అంటాం. ఇదంతా నాకు నేర్పింది మా ల్యాబు పెద్దాయన. పన్నెండేళ్ళు ఆయన పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాను.

మబ్బుల ఎత్తు కొలిచే నాలుగో ఛానల్లోకి, అంటే ఒక్క రంగునే చూడాల్సిన భాగంలోకి, రాకూడని రంగు కాస్త చొరబడుతోందని ఆయనే కనిపెట్టారు. విప్పి బాగుచేయాలంటే ప్రయోగం ఏడాది వెనక్కి పోతుంది. మా పై అధికారి నన్ను పిలిచి, "అది రొదే అయ్యుంటుందిలే. పెద్దాయన చూపు మునుపట్లా లేదుగా. నువ్వోసారి కొలిచి చెప్పమ్మా" అన్నాడు.

మూడుసార్లు కొలిచాను. రొదైతే ఒక్కోసారి ఒక్కోచోట వస్తుంది. ఇది మూడుసార్లూ ఒకేచోట వచ్చింది.

అక్కా, ఇక్కడిదాకా రాసి రెండు రోజులు కాగితం మడిచి పెట్టేశాను. సమావేశంలో, పెద్దాయన ఎదురుగానే, "మళ్ళీ కొలిస్తే రాలేదండీ" అన్నాను. నన్నెవరూ బెదిరించలేదు. ఆయన స్థానం నాకిస్తామని ముందురోజే మాటిచ్చారు, అంతే. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, "నువ్వు కొలిచావంటే ఇంకేముందమ్మా" అని పరికరం సరిగ్గానే ఉందన్న కాగితం మీద సంతకం పెట్టారు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేశారు.

ఇప్పుడు పైనుంచి వస్తున్న కొలతల్లో మబ్బుల ఎత్తు తప్పుగా పడుతోంది. జరిగింది జరిగినట్టు రాసి అధికారికిచ్చాను. "ఇప్పుడు పైకెళ్ళి విప్పుతామా?" అంటూ దాన్ని సొరుగులో పడేశాడు.

నిన్న పెద్దాయన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసిన వాళ్ళావిడ, "స్కూటరు అమ్మేశారమ్మా. కళ్ళు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా నమ్మరు. పేపరు కూడా నేనే చదివి పెట్టాలి" అంది.

ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను.

"మూడుసార్లూ కనపడిందా?" అన్నారు.

"మూడుసార్లూనండీ."

తిట్టలేదు. చేతులు చూసుకుంటూ, "నా బుర్రే చెడిపోయిందనుకున్నానమ్మా, ఇన్నాళ్ళూ" అన్నారు. లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళావిడ ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. మళ్ళీ బయటికి రాలేదు.

నన్ను ఓదారుస్తూ మాత్రం జవాబు రాయకక్కా.

ఇట్లు,
నువ్వు గారాబం చేసి పెంచిన చెల్లి